నగరం నీళ్లు, నగరం దోమలు

మలేరియా అనగానే తెలుగువారికి మొదట మన్యం గుర్తుకు వస్తుంది. మన్యం జ్వరానికి భయపడి ఉద్యోగులు ఏజెన్సీ బదిలీలను తప్పించుకోజూసిన కాలం ఒకటి ఉండేది. అడవి, వాగు, గుట్ట ఉన్నచోట దోమ ఉండడంలో వింత లేదు. కానీ అడవి కొట్టి, కుంట పూడ్చి, రోడ్డు వేసి, కొళాయి బిగించిన నగరంలో దోమ ఎందుకుంది? ఉండడమే కాదు, అక్కడ మరింతగా ఎందుకు వర్ధిల్లింది?

దీనికి ‘మురికి’ అని ఒక్కమాటలో సమాధానం చెప్పడం మనకు అలవాటు. అది సగం నిజం మాత్రమే. మురుగు కాల్వలో పెరిగే దోమ ఒకటి, తాగే నీటి ట్యాంకులో పెరిగే దోమ మరొకటి, వారం రోజులు కదపని పూలకుండీ పళ్లెంలో పెరిగేది ఇంకొకటి. నగర దోమల చరిత్ర నిజానికి నగరం తన నీటిని ఎలా తెచ్చుకుంది, ఎలా దాచుకుంది, ఎలా వదిలించుకుంది అన్నదాని చరిత్ర. దీనిని దోమల మందుల చరిత్రగా మాత్రమే చదివితే, ఈ రంగంలో వచ్చిన పెద్ద పెద్ద విజయాలు ఎందుకు నిలవలేదో అర్థం కాదు.

సికింద్రాబాద్‌లో మూడు దోమలు

రోనాల్డ్ రాస్ 1857లో అల్మోరాలో జన్మించాడు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. 1883లో బెంగళూరులో పనిచేస్తున్నప్పుడు తన బంగళాలో దోమల బాధ భరించలేక వెతికి చూస్తే, కిటికీ పక్కనున్న నీటి తొట్టిలో వాటి లార్వాలు కదలాడుతూ కనిపించాయి. తొట్టిని బోర్లించాడు. దోమలు తగ్గాయి. సైనికాధికారుల భోజనశాలలో కూడా ఇదే పని చేద్దామని అక్కడి అధికారిని అడిగితే, సృష్టిలో ప్రతిదానికీ ఒక ప్రయోజనం ఉంటుంది, దోమలను భరించడం మన విధి అన్న ధోరణిలో అతడు తోసిపుచ్చాడు. రాస్ తన స్మృతులలో రాసుకున్న ఈ ఉదంతాన్ని సాధారణంగా హాస్యం కింద చెప్పుకుంటారు. చరిత్ర విద్యార్థికి ఇందులో వేరే విషయం కనిపించాలి. దోమకూ జ్వరానికీ ఉన్న సంబంధం రుజువు కావడానికి 14 ఏళ్ల ముందే, దోమకూ తొట్టికీ ఉన్న సంబంధం కంటికి కనిపించేదే. అయినా తొట్టిని బోర్లించడానికి ఒకరి అనుమతి కావలసి వచ్చింది. ఆ అనుమతి దొరకలేదు.

1895 నుంచి రాస్ సికింద్రాబాద్‌లో సైనిక వైద్యుడిగా ఉంటూ, మలేరియా రోగులను కుట్టించిన దోమలను సూక్ష్మదర్శిని కింద కోసి చూస్తూ వచ్చాడు. దోమలో మలేరియా క్రిమి పెరుగుతుందని నమ్మిన ప్యాట్రిక్ మాన్సన్ లండన్ నుంచి ఉత్తరాలతో ప్రోత్సహించేవాడు. రెండేళ్లపాటు ఫలితం లేదు. కారణం చిన్నదే. ఆ రోజుల్లో దోమల వర్గీకరణ రాస్‌కు అందుబాటులో లేదు. బూడిద రంగువి, చారలున్నవి, మచ్చల రెక్కలవి అని తానే పేర్లు పెట్టుకున్నాడు. సులభంగా, సమృద్ధిగా దొరికినవి మొదటి రెండు రకాలు. అవి మలేరియాను మోయవు. 1897 ఆగస్టులో మచ్చల రెక్కల దోమలను పెంచి, హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించాడు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా ఇచ్చాడు. ఆగస్టు 20న అలాంటి ఒక దోమ జీర్ణాశయపు గోడలో నల్లని రేణువులున్న గుండ్రని కణాలు కనిపించాయి. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియాపై పరిశోధించి, క్రిమి దోమ లాలాజల గ్రంథులను చేరే మార్గమంతా చూపాడు. ఇటలీలో గ్రాసీ బృందం మనుషుల మలేరియాను అనాఫిలిస్ దోమలే మోస్తాయని నిర్ధారించింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది.

రెండేళ్ల ఆ వైఫల్యం మన అంశానికి విజయమంత ముఖ్యం. రాస్ బల్లమీదకు ఏ వరుసలో వచ్చినా, ఆ మూడు రకాలే తర్వాతి నూరేళ్లలో మన నగరాలను పంచుకున్నాయి. బూడిద రంగుది క్యూలెక్స్. మురుగునీరు, సెప్టిక్ ట్యాంకు, నిలిచిపోయిన నాలా దీని నివాసం. రాత్రి కుడుతుంది, బోదకాలును వ్యాపింపజేస్తుంది. చారలున్నది ఏడిస్. ఇంట్లోనూ ఇంటి చుట్టూ ఉన్న చిన్న చిన్న పాత్రలలో గుడ్లు పెడుతుంది, పగలు కుడుతుంది. డెంగీ, చికున్‌గున్యా దీని ద్వారా వస్తాయి. మచ్చల రెక్కలది అనాఫిలిస్. ఇందులో చాలా జాతులకు వాగులు, పొలాలు, కుంటలు కావాలి. నగరం వాటికి పనికిరాదు. ఒక్క జాతి మాత్రం బావిలో, నీటి తొట్టిలో, మేడమీది ట్యాంకులో హాయిగా బతకడం నేర్చింది. దాని పేరు అనాఫిలిస్ స్టీఫెన్సై. 1901లో లిస్టన్ అనే వైద్యాధికారి దీనిని వర్ణించాడు. దీని అసలు కథ బొంబాయిలో మొదలవుతుంది.

దళాలు, అధికారం

బొంబాయికి వెళ్లేముందు ఒకమాట. దోమే కారణమని తేలగానే, దోమను లేకుండా చేస్తే సరిపోతుందన్న ఉత్సాహం ప్రపంచమంతా పుట్టింది. రాస్ 1902లో దోమల నిర్మూలన దళాలను ఎలా ఏర్పాటు చేయాలో వివరిస్తూ ఒక పుస్తకం రాశాడు. దళం అంటే తుపాకులవాళ్లు కాదు. డబ్బాలు ఏరేవాళ్లు, గుంతలు పూడ్చేవాళ్లు, నీటిపై నూనె చల్లేవాళ్లు. అప్పటికే హవానాలో అమెరికా సైనిక పాలన కింద గోర్గాస్ ఇంటింటి తనిఖీలు జరిపించి, లార్వాలు దొరికిన ఇళ్లవారికి జరిమానాలు వేయించి, 1901లో ఆ నగరం నుంచి పచ్చజ్వరాన్ని తొలగించాడు. సూయజ్ కాలువ ఒడ్డున ఇస్మాయిలియాలో కాలువ కంపెనీ రాస్ సలహాతో మలేరియాను అదుపు చేసింది.

కానీ లాహోరు దగ్గరి మియాన్ మీర్ కంటోన్మెంటులో 1902లో మొదలైన ప్రయోగం విఫలమైందని భారత ప్రభుత్వ వైద్యులు తేల్చారు. అక్కడ సాగు కాలువలు కంటోన్మెంటు మధ్యగా పారుతున్నాయి. తగినంత డబ్బు, తగినంత కాలం ఇవ్వలేదని రాస్ వాదించాడు. 1909 సిమ్లా మలేరియా సమావేశంలో కూడా ఈ వివాదం తెగలేదు. రాస్ వాదనలో పంతం పాలు కొంత ఉన్నా, ఆయన చెప్పినదే చరిత్రకు దగ్గరగా ఉంది. హవానా, ఇస్మాయిలియా విజయాల వెనుక ఒకే చేతిలో అధికారం, ఆగని ఖర్చు ఉన్నాయి. ఈ రెండూ సాధారణ నగరంలో దొరకవు. బొంబాయిలో జరిగింది అదే.

బొంబాయి బావులు

బొంబాయి 1860 నాటికే విహార్ చెరువు నుంచి, 1892 నుంచి తాన్సా నుంచి గొట్టాల ద్వారా నీరు తెచ్చుకున్న నగరం. కొళాయి వచ్చింది కాబట్టి బావులు పోవాలి. పోలేదు. కొళాయి నీరు అన్నివేళలా అందదు, పై అంతస్తులకు ఎక్కదు. అందుకని ఇళ్లలో బావులు అలాగే ఉన్నాయి, వాటికి తోడు మేడలమీద, మిల్లులలో నీటి తొట్లు వెలిశాయి. రెండు రకాల నీటి వసతి కలిసి దోమకు రెండింతల వసతి అయింది.

ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకంలో రేవు ప్రాంతంలో మలేరియా తీవ్రం కావడంతో డాక్టర్ బెంట్లీని విచారణకు నియమించారు. 1911లో ఆయన ఇచ్చిన నివేదిక సారాంశం ఇది: బొంబాయి మలేరియాకు కారణం చిత్తడి నేలలు కాదు, మురుగు కాదు. ఇళ్లలోని బావులలో, తొట్లలో పెరిగే స్టీఫెన్సై దోమ. అంటే జ్వరం పేదవాడల గలీజు నుంచి పుట్టలేదు. సంపన్నులు నివసించే ఫోర్టు ప్రాంతపు సొంత బావులలో పుట్టింది. ఆనాటి పాలకులకు అలవాటైన ఆలోచనకు ఇది పూర్తిగా వ్యతిరేకం. 1896 ప్లేగు తర్వాత ఆరోగ్యం పేరిట కూల్చివేతలన్నీ పేదల ఇళ్లమీదనే సాగాయని గుర్తుంచుకుంటే, ఈ నివేదిక ఎంత ఇబ్బంది కలిగించి ఉంటుందో ఊహించవచ్చు.

పరిష్కారం సులభంగానే తోచింది. బావిని పూడ్చాలి, లేదా దోమ దూరకుండా మూయాలి. ఇక్కడ ప్రతిఘటన వచ్చింది. పార్సీలకు, హిందువులకు, జైనులకు బావి నీరు కేవలం దాహం తీర్చే నీరు కాదు, పూజకూ ఆచారానికీ కావలసిన నీరు. కొళాయి నీరు అందుకు పనికిరాదన్నారు. కొన్ని బావులను ధర్మం కోసం తవ్వించారు. చర్చిగేట్ దగ్గర 1725 నాటి భీఖా బెహ్రామ్ బావి నేటికీ పూజలందుకుంటున్నది. చివరకు సన్నని జాలీ బిగించిన మూతలు పెట్టి, నీరు తోడుకునేందుకు తలుపు అమర్చే పద్ధతిలో రాజీ కుదిరింది. మూతలు పెట్టినచోట, బావులు మూసినచోట మలేరియా తగ్గింది కూడా.

బావి యజమానులను మూఢులుగా చిత్రించడం సులువు. కానీ కొళాయి ఆగిపోయిన రోజున బావి ఒక్కటే ఆధారమని వాళ్లకు తెలుసు. పురపాలక సంఘం నీటిమీద నమ్మకం లేకపోవడం మూఢత్వం కాదు, అనుభవం. ఇక మూత పెట్టించడం ఒక ఎత్తయితే, దానిని ఏటేటా చూసుకోవడం మరో ఎత్తు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత తనిఖీ సడలింది. జ్వరం తిరిగి వచ్చింది. 1928లో గోర్డన్ కోవెల్ మరో విచారణ జరిపి, దాదాపు అవే బావులు, అవే తొట్లు అని మళ్లీ చెప్పవలసి వచ్చింది.

కొళాయి, సంపు, నాలా

హైదరాబాద్ తన నీటిని మరో విధంగా సంపాదించుకుంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచింది. 1909లో విశ్వేశ్వరయ్యను పిలిపించారు. వరదను ఆపే జలాశయాలు, భూగర్భ మురుగునీటి వ్యవస్థ రెండింటినీ ఆయన కలిపి ఆలోచించాడు. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వచ్చే నీరు, పోయే నీరు ఒకే పథకంలో ఉండడం ఇక్కడి విశేషం. దోమల దృష్టితో చూస్తే ఇంతకు మించిన నియంత్రణ లేదు. ఆ పథకంలో దోమ అన్న మాట ప్రధానం కాకపోయినా ఫలితం అదే.

తర్వాత నగరం ఆ పథకాన్ని దాటి పెరిగింది. ఇది ఒక్క హైదరాబాద్ మాట కాదు. విజయవాడ, విశాఖపట్నం, వరంగల్ ఏదైనా సరే, మొదట ఇళ్లు లేస్తాయి, తర్వాత నీటి గొట్టం వస్తుంది, మురుగు గొట్టం అన్నిటికన్నా చివర వస్తుంది, ఒక్కోసారి రాదు. ఈ మధ్యకాలమే దోమల కాలం. మురుగు గొట్టం లేనిచోట సెప్టిక్ ట్యాంకు, దాని గాలి గొట్టం గుండా రాకపోకలు సాగించే క్యూలెక్స్. వర్షపు నీటి కాల్వలో మురుగు కలిసి, ప్లాస్టిక్ సంచులు అడ్డుపడి నిలిచిన నాలాలో అదే క్యూలెక్స్. నీరు రోజు విడిచి రోజు వచ్చే ఇంట్లో సంపు, డ్రమ్ము, గాబు, గోలెం, బిందెలు. ట్యాంకు మూత సరిగా లేకపోతే స్టీఫెన్సై, డ్రమ్ము మూత లేకపోతే ఏడిస్. అపార్ట్‌మెంటు కడుతున్నప్పుడు సెల్లారు గుంతలో, సిమెంటు తడిపే తొట్టిలో నిలిచిన నీరు సరేసరి. పైగా చెరువులో ఉన్న చేప, తూనీగ ఇక్కడ లేవు. రక్తానికి మనుషులు మాత్రం గజానికొకరు ఉన్నారు.

ఇక్కడ ఒక చిన్న అభ్యాసం. మీ వీధిలో వారం రోజులకు పైగా నీరు కదలకుండా ఉండే చోట్లను ఒక కాగితంపై రాయండి. ఒక్కొక్కదాని పక్కన అది అక్కడ ఎందుకు ఏర్పడిందో, దానిని తీసే బాధ్యత ఇంటివారిదో, గుత్తేదారుదో, పురపాలక సంఘానిదో రాయండి. బెంట్లీ చేసిన పని ఇంతకంటే పెద్ద తేడాగా ఏమీ లేదు.

గోడలమీద మందు

1939లో పాల్ ముల్లర్ డి.డి.టి. కీటకనాశక శక్తిని కనుగొన్నాడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత దోమల చర్చ ఒక్కసారిగా మారిపోయింది. కాల్వలు, మూతలు, బైలాలు అన్నీ పాతకాలపు గొడవగా తోచాయి. గోడమీద మందు చల్లితే చాలు, రక్తం తాగి వాలిన దోమ చస్తుంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి భారతదేశంలో ఏటా 7.5 కోట్లమందికి మలేరియా సోకుతున్నదని, 8 లక్షలమంది చనిపోతున్నారని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1958లో దాని పేరు నిర్మూలన కార్యక్రమంగా మారింది. 1961 నాటికి కేసులు 50 వేల దరిదాపులకు దిగాయి. ఇది అసాధారణమైన విజయం. దీనిని తక్కువ చేసి చెప్పడానికి వీల్లేదు.

అయితే ఈ ప్రణాళికలో నగరాలకు చోటు దాదాపు లేదు. పల్లెల్లో మందు కొట్టే బాధ్యత కేంద్ర కార్యక్రమానిది. పట్టణాల్లో లార్వాలను చూసుకునే బాధ్యత పురపాలక సంఘాలది అనుకున్నారు. సంఘాల దగ్గర డబ్బు లేదు, సిబ్బంది లేరు. రంగులు వేసిన గోడలమీద మందు చల్లనివ్వడానికి పట్టణవాసులు ఇష్టపడరు. చల్లినా ట్యాంకులో పుడుతున్న దోమకు గోడమీది మందుతో తెగే లెక్క కాదు. పల్లెల్లో మలేరియా తగ్గిపోయిన రోజుల్లో కూడా పట్టణాల్లో అది మిగిలింది. అక్కడి నుంచి ప్రయాణికులతో, కూలిపనులకు వచ్చి తిరిగి వెళ్లేవారితో పల్లెలకు చేరింది. మధోక్ కమిటీ ఈ లోపాన్ని ఎత్తిచూపిన తర్వాత 1971లో పట్టణ మలేరియా పథకం వచ్చింది. ఇందులో గోడలు కాదు, నీళ్లే లక్ష్యం. దోమలు పెరిగే చోట్లను అనుమతించని బైలాలను పట్టణం చేసుకుని అమలు చేయాలన్నది పథకపు షరతులలో ఒకటి. అంటే అరవై ఏళ్ల తర్వాత బొంబాయి పాఠానికి తిరిగి వచ్చారు. కాగితం మీద వచ్చారనడం న్యాయం. ఈలోగా మందుకు తట్టుకునే దోమలు, నిధుల కొరత, సడలిన నిఘా అన్నీ కలిసి 1976లో దేశంలో మలేరియా కేసులు 64 లక్షలు దాటాయి.

చారల దోమ వంతు

మలేరియామీదనే దృష్టి పెట్టిన కాలంలో ఏడిస్ నిశ్శబ్దంగా విస్తరించింది. ఆఫ్రికా నుంచి ఓడల్లోని నీటి పీపాలతో పాటు ప్రపంచం చుట్టిన దోమ ఇది. దీని గుడ్లు పాత్ర అంచున అంటుకుని నెలల తరబడి ఎండలోనూ బతికి, నీరు తగలగానే పిగులుతాయి. డ్రమ్ములో నీళ్లు పారబోసినంత మాత్రాన చాలదు, లోపలి గోడను పీచుతో రుద్ది కడగాలి అని చెప్పేది ఇందుకే. 1963లో కలకత్తాలో డెంగీ, చికున్‌గున్యా రెండూ విజృంభించాయి. 1965లో చికున్‌గున్యా విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి చేరింది. తర్వాత మూడు దశాబ్దాలకు పైగా దాదాపు కనిపించక, 2005 చివరలో ఆంధ్రప్రదేశ్‌లో తిరిగి తలెత్తింది. 2006లో దేశంలో 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదయ్యాయి. నెలల తరబడి మంచం దిగలేని కీళ్ల నొప్పులను అనుభవించినవారు మన ఊళ్లలో ఇంకా చాలామంది ఉన్నారు.

ఏడిస్‌ను ఓడించలేమా? ఓడించిన చరిత్ర ఉంది. బ్రెజిల్‌లో ఫ్రెడ్ సోపర్ తీర్చిన పద్ధతిలో, ఇల్లిల్లూ వదలకుండా తనిఖీ చేసి, తనిఖీ చేసినవారిని మళ్లీ తనిఖీ చేసి, 1958 నాటికి ఆ దేశం ఈ దోమ లేని దేశంగా ప్రకటించుకుంది. దోమ పోయింది కదా అని తనిఖీ ఆపిన తర్వాత పదేళ్లయినా గడవకుండా అది తిరిగి కనిపించింది.

పొగ, చేప, మూత

నియంత్రణ పద్ధతులను ఈ చరిత్ర వెలుగులో చూస్తే వాటి విలువ తేలికగా తెలుస్తుంది. సాయంత్రం వీధిలో వచ్చే ఫాగింగ్ బండి ఆ క్షణాన ఎగురుతున్న దోమలను చంపుతుంది. నీటిలోని లార్వాలు మర్నాడు రెక్కలతో లేస్తాయి. డెంగీ విజృంభించినప్పుడు పొగకు ప్రయోజనం ఉంది. ఏడాది పొడవునా దానిని నమ్ముకోవడానికి మాత్రం, పొగ అందరికీ కనిపిస్తుంది, సంపు మూత ఎవరికీ కనిపించదు అన్నది తప్ప వేరే కారణం నాకు కనిపించదు. గంబూసియా చేపను 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు. బావుల్లో, వాడకంలేని తొట్లలో అది లార్వాలను బాగా తింటుంది. చెరువుల్లో వదిలితే స్థానిక చేపల గుడ్లను, పిల్లలను కూడా తింటుంది. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి పాత దోమతెర ముక్క కట్టడం ఖర్చులేని పని, ఆ ట్యాంకు వరకు దాదాపు పూర్తి పరిష్కారం. వారానికి ఒకరోజు ‘డ్రై డే’ పాటించమనడానికి శాస్త్రీయ ఆధారం ఉంది. మన వాతావరణంలో గుడ్డు దోమ కావడానికి ఏడు నుంచి పది రోజులు పడుతుంది. వారానికోసారి నీటిని ఖాళీ చేస్తే ఆ చక్రం తెగుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2016లో ‘దోమలపై దండయాత్ర’ పేరుతో కార్యక్రమం జరిగింది. రాస్ దళాల నుంచి ఈ దండయాత్ర దాకా దోమల విషయంలో మనం యుద్ధ భాషే వాడుతున్నాం. యుద్ధానికి ఆరంభం ఉంటుంది, విజయం ఉంటుంది, విరమణ ఉంటుంది. కాల్వ పూడిక తీయడానికి విరమణ లేదు.

ఇంకొక చిక్కు న్యాయానికి సంబంధించింది. డ్రమ్ములో లార్వాలు దొరికితే ఇంటివారికి జరిమానా వేసే అధికారం చట్టం ఇస్తుంది. కొళాయి రోజూ వచ్చే కాలనీలో డ్రమ్ము ఉండదు. నాలుగు రోజులకొకసారి ట్యాంకరు వచ్చే బస్తీలో డ్రమ్ము లేకుండా సంసారం గడవదు. ఆ డ్రమ్మును అక్కడ పెట్టించింది ఎవరు? 1911లో బావి యజమానులు అడిగిన ప్రశ్నే ఇది, ఈసారి పేదల నోట వస్తున్నది.

స్టీఫెన్సై ప్రయాణం ముగియలేదు. ఆసియా నగరాలకే పరిమితమనుకున్న ఈ దోమ 2012లో ఆఫ్రికాలోని జిబూతీ నగరంలో కనిపించింది. ఆ ఏడాది ఆ దేశమంతటా మలేరియా కేసులు 30కి లోపే. 2020 నాటికి అవి 70 వేలు దాటాయి. దోమ ఇథియోపియా, సుడాన్, నైజీరియాలలో కూడా బయటపడింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని అడ్డుకోవడానికి ప్రత్యేక కార్యక్రమం చేపట్టింది. అదే ఏడాది ఇథియోపియాలోని దిరె దావా నగరంలో మలేరియా విజృంభించింది. వానాకాలంలో కాదు, కొళాయిలు సన్నగిల్లి జనం నీళ్లు నిల్వ చేసుకునే ఎండాకాలంలో.